జార్జి వాషింగ్టన్ గారి ఇంటి జమాఖర్చులు

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ పేరు వినని చదువరి మన సంఘ సభ్యుల్లో ఉండరు. చిన్న తరగతుల్లో చెర్రీ చెట్టు కథ అందరం చదువుకున్నాం. తండ్రి గద్దించి అడిగితే, అబద్ధమాడకుండా తానే నరికానని ఒప్పుకున్న బాలుడాయన. ఆ కథ ఆయన పోయిన తరువాత వీమ్స్ అనే మతబోధకుడు తన పుస్తకంలో కల్పించి చేర్చినది. కల్పించిన కథ పాఠ్యపుస్తకాలకెక్కింది గాని, వాషింగ్టన్ స్వహస్తంతో రాసుకున్న జమాఖర్చుల పుస్తకాల్లో ఉన్న కథ మాత్రం చాలాకాలం అటకమీదే ఉండిపోయింది. నా సర్వీసంతా హాజరు పట్టీలు, బిల్లులు, ఖాతా పుస్తకాల మధ్య గడిచింది. అందువల్ల కాబోలు నాకు ఈ రెండో కథ మీదే మక్కువ. ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నారు కనుక, యుద్ధాలూ ఉపన్యాసాలూ పక్కన పెట్టి, ఆయన ఇల్లు ఎలా నడిచిందో, ఎవరి చేతుల మీదుగా నడిచిందో రాస్తున్నాను.

వాషింగ్టన్ 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో జన్మించారు. అప్పటికి వర్జీనియా ఇంగ్లండు రాజు ఏలుబడిలోని వలస. పొగాకు అక్కడి పంట, పొగాకే అక్కడి డబ్బు. ఆ పంట పండించేది ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన బానిసలు, వారి సంతానం. తండ్రి అగస్టీన్ 1743లో మరణించినప్పుడు జార్జి వయసు 11 ఏళ్లు. తండ్రి ఆస్తిలో ఆయన వాటాకు కొంత భూమి, 10 మంది బానిసలు వచ్చారు. మన పిల్లలు ఆరో తరగతిలో ఉండే వయసులో ఆయన పదిమంది మనుషులకు యజమాని అయ్యారన్నమాట.

కాలేజీ చదువు లేదు. 17 ఏళ్లకే సర్వేయరుగా కుదిరారు. గొలుసు పట్టి భూమి కొలిచి, లెక్క కట్టి, పటం గీసే ఆ పని అలవాటు చివరిదాకా ఆయనను వదల్లేదు. సవతి అన్న లారెన్స్ 1752లో పోయాక, పొటోమాక్ నది ఒడ్డున ఉన్న మౌంట్ వెర్నాన్ ఎస్టేటును 1754లో వదినగారి వద్ద కౌలుకు తీసుకున్నారు. 1761లో ఆమె మరణంతో అది ఆయన సొంతమైంది.

మధ్యలో 1759 జనవరి 6న వివాహం. వధువు మార్తా కస్టిస్, ఇద్దరు పిల్లలున్న వితంతువు. మొదటి భర్త డేనియల్ కస్టిస్ వర్జీనియా ధనికుల్లో ఒకరు, 1757లో వీలునామా రాయకుండానే చనిపోయారు. ఆస్తి వ్యవహారాలు తెలిసిన మన మిత్రులకు ఇక్కడి చిక్కు ఇట్టే అర్థమవుతుంది. చట్టం ప్రకారం వితంతువుకు మూడో వంతు, అదీ జీవితకాలం అనుభవించే హక్కు మాత్రమే. అమ్మే హక్కు లేదు, విడిచిపెట్టే హక్కూ లేదు. ఆమె తరువాత అది మొదటి భర్త వారసులకే పోవాలి. ఆ మూడో వంతులో భూమితోపాటు 84 మంది బానిసలు ఉన్నారు. వీరిని వితంతు వాటా బానిసలనేవారు. దీనికి తోడు వర్జీనియాలో 1662 నాటి చట్టం ఇంకొకటి ఉంది. బిడ్డ ఎవరిదని అడిగితే తల్లి ఎవరి ఆస్తో బిడ్డా వారి ఆస్తే. తండ్రి ఎవరైనా, స్వతంత్రుడైనా, తెల్లవాడైనా లెక్కలోకి రాడు. ఈ రెండు చట్టాలూ కలిసి నలభై ఏళ్ల తరువాత ఆ ఇంట్లో ఏం చేశాయో ముందు ముందు చూద్దాం.

ఇంటి దినచర్య పొద్దు పొడవకముందే మొదలయ్యేది. పనిమనుషులు అంతకంటే ముందే లేచి పొయ్యిలు రాజేసి, నీళ్లు కాచి ఉంచాలి. అయ్యగారు తెల్లవారుజామునే లేచి, గడ్డం చేసుకుని, తన గదిలో ఉత్తరాలు చూసుకునేవారు. ఆయనకు బట్టలు అందించడం, జుట్టు దువ్వి రిబ్బను కట్టడం విలియం లీ పని. 1768లో 61 పౌండ్ల 15 షిల్లింగులకు అతన్ని కొన్నారు. అతని తమ్ముడు ఫ్రాంక్‌ను కూడా అదే బేరంలో కొన్నారు. ఫ్రాంక్ తరువాత భోజనాల గది పెద్ద అయ్యాడు. అతని భార్య లూసీ వంట చేసేది. అయ్యగారికి ఉదయం మొక్కజొన్న రొట్టెలు, వాటిమీద వెన్న, తేనె, పక్కన టీ. పళ్లు ఊడిపోవడం వల్ల మెత్తగా ఉన్నదే ఆయన తినగలిగేవారు. (ఆ పళ్ల సంగతికి వస్తే, 1784 మే నెల ఖాతాలో నీగ్రోల దగ్గర తొమ్మిది పళ్లు కొన్నట్లు, 6 పౌండ్ల 2 షిల్లింగులు చెల్లించినట్లు పద్దు ఉంది. అది పళ్ల డాక్టరు నిమిత్తమని కూడా ఉంది.) తరువాత గుర్రమెక్కి పొలాలన్నీ చుట్టి, మధ్యాహ్నం మూడు గంటలకు భోజనానికి తిరిగి వచ్చేవారు. రాత్రి తొమ్మిదికల్లా నిద్ర.

మార్తమ్మ వంటిల్లు, కుట్టుపని, నూలువడికే ఆడవారిని చూసుకునేది. అతిథులకు ఆ ఇంట్లో అంతు లేదు. 1798 ఒక్క సంవత్సరంలోనే 677 మంది దాకా వచ్చారట. వచ్చినవారు దొరగారి మర్యాదను, బల్లమీది పదార్థాలను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ పక్కలు పరచినవారు, గిన్నెలు తోమినవారు, తెలుపు ఎరుపు రంగుల యూనిఫారంలో బల్ల వెనక నిలబడినవారు ఆ ఉత్తరాల్లో ఎక్కువగా కనబడరు.

ఇక పొలాలు. ఎస్టేటు చివరికి సుమారు 8,000 ఎకరాలకు పెరిగింది. దాన్ని ఐదు కమతాలుగా విభజించారు. 1760లలోనే ఆయన నష్టాల పొగాకు మాని గోధుమకు మారారు. పిండిమర, చేపల వేట, చివర్లో సారా బట్టీ కూడా పెట్టారు. వ్యవసాయంలో అంత ప్రయోగశీలి ఆ కాలంలో అరుదు. పని సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు, వారానికి ఆరు రోజులు. పొలం పనివారిలో సగానికి పైగా ఆడవారే. పిల్లలు 11 నుంచి 14 ఏళ్ల మధ్య పనిలోకి దిగేవారు. ఆదివారం సెలవు, క్రిస్మస్‌కు మూడు నాలుగు రోజులు.

నాకు బాగా పట్టు చిక్కిన కాగితాలు ఇక్కడివే. యుద్ధానంతరం, 1785 నుంచి, ప్రతి కమతం నుంచీ వారం వారం నివేదిక రావాలని ఆయన నియమం పెట్టారు. ఒకవైపు ఆ వారం మొత్తం ఎన్ని పనిదినాలు ఉన్నాయో, రెండోవైపు అవి దేనికి ఖర్చయ్యాయో. దుక్కికి ఇన్ని, కంచెకు ఇన్ని, జబ్బుకు ఇన్ని, ప్రసవానికి ఇన్ని. రెండు వైపులా మొత్తం సరిపోవాలి. ఆ పట్టికలు చూస్తే ఏ ఆడిట్ పార్టీ అయినా సంతోషిస్తుంది. జబ్బు దినాలు ఎక్కువైతే అది నిజం జబ్బా, నటనా కనుక్కోమని మేనేజరుకు ఉత్తరం వెళ్లేది. డాక్టరును పిలిపించి డబ్బు కట్టింది కూడా ఆయనే. 1760 ఫిబ్రవరిలో ఒకసారి, వడ్రంగులు రోజుకు ఎన్ని అడుగుల కలప చెక్కుతున్నారో తెలుసుకోవడానికి స్వయంగా దగ్గర కూర్చుని గడియారం చూస్తూ లెక్క కట్టారు. తన కళ్లముందు పని ఎక్కువ జరిగిందని డైరీలో రాసుకున్నారు. ఏ పై అధికారి కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నా అలాగే జరుగుతుందని మనకు తెలియనిది కాదు. కాకపోతే మనకు ఒకటో తారీఖున జీతం వచ్చేది.

వారికి జీతం స్థానంలో వచ్చింది ఇది. రోజుకు సుమారు లీటరు మొక్కజొన్న పిండి, 150 నుంచి 200 గ్రాముల ఉప్పు చేప. సంవత్సరానికి మగవారికి ఒక ఉన్ని కోటు, లాగు, రెండు ముతక చొక్కాలు, ఒక జత బూట్లు. ఆడవారికి ఒక కోటు, ఒక లంగా, రెండు లోపలి అంగీలు. కప్పుకోవడానికి ఒక దుప్పటి. చాలని దాన్ని వారే సంపాదించుకునేవారు. రాత్రిపూట, ఆదివారాలు పెరట్లో కూరగాయలు పెంచి, కోళ్లు సాకి, అలెగ్జాండ్రియా సంతలో అమ్ముకునేవారు. అయ్యగారి వంటింటికే కోళ్లు, గుడ్లు అమ్మి డబ్బు పుచ్చుకున్న పద్దులు కూడా ఖాతాల్లో ఉన్నాయి. 1798లో పోలండు దేశపు రచయిత నీమ్ట్సెవిచ్ ఆ గుడిసెలు చూసి, తమ దేశపు అతి పేద రైతు ఇల్లు వీటికంటే మేలని రాసుకున్నాడు. భార్యాభర్తలకు ఒక చిన్న పరుపు, పిల్లలు నేలమీద, పొయ్యి సరిగా లేదు. అయినా ఆ దారిద్ర్యం మధ్యలో ఒక టీ కెటిలు, కప్పులు అతని కంటబడ్డాయి. పెళ్లయిన వారిలో మూడింట రెండు వంతుల మంది భార్య ఒక కమతంలో, భర్త ఇంకో కమతంలో బతికేవారు. శనివారం రాత్రి మైళ్లు నడిచి భార్యాబిడ్డలను చూసుకుని, సోమవారం తెల్లవారేసరికి పనిలో ఉండాలి.

ఈ ఏర్పాటంతా దేనిమీద నిలబడిందో చెప్పే ఉత్తరం ఒకటి ఉంది. 1766 జూలైలో, పదేపదే పారిపోయే టామ్ అనే మనిషిని ఓడ కెప్టెనుకు అప్పగించి, వెస్టిండీస్ దీవుల్లో అమ్మమని రాశారు. ఓడ సముద్రంలోకి వెళ్లేదాకా సంకెళ్లు తీయవద్దని జాగ్రత్త చెప్పారు. అమ్మగా వచ్చిన డబ్బుతో తేవలసిన సరుకుల జాబితా కూడా ఉంది. ఒక పెద్ద పీపా బెల్లపు పాకం, ఒక పీపా రమ్ము, నిమ్మకాయలు, పది పౌన్ల చింతపండు కుండ ఒకటి, కొంత మిఠాయి. చింతపండు లేని వంటిల్లు మన వైపు ఉండదు. ఒక మనిషికి బదులుగా దాన్ని తెప్పించుకున్న పద్దు చదివినప్పుడు నాకు కాసేపు ముందుకు సాగబుద్ధి కాలేదు. వెస్టిండీస్ చెరకు తోటలంటే అక్కడివారికి మరణశిక్షతో సమానం. ఒకరిని అలా పంపితే మిగిలిన వారందరికీ హెచ్చరిక. ఇంట్లోనూ కొరడా ఉండేది. 1793లో షార్లట్ అనే కుట్టుపని ఆమె ఎదురు మాట్లాడిందని మేనేజరు కొట్టి, ఆ సంగతి రాస్తే, అధ్యక్ష పదవిలో ఉన్న వాషింగ్టన్ అది సరైన పనేనని జవాబిచ్చారు.

స్వాతంత్ర్య యుద్ధం ఎనిమిదేళ్లు. విలియం లీ గుర్రం మీద ప్రతి శిబిరంలోనూ ఆయన వెంటే ఉన్నాడు. అదే యుద్ధంలో ఇంకొకడు వేరే దారి పట్టాడు. గుర్రపుశాలలో పనిచేసిన హ్యారీ, రాజు పక్షానికి వచ్చిన బానిసలకు విముక్తి ఇస్తామన్న బ్రిటిషు ప్రకటన విని, 1776లో పారిపోయి వారితో చేరాడు. కెనడా మీదుగా 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ చేరి, వాషింగ్టన్ అనే ఇంటి పేరుతోనే అక్కడ భూమి దున్నుకున్నాడు. 1781 ఏప్రిల్‌లో బ్రిటిషు యుద్ధనౌక నదిలోకి వచ్చినప్పుడు మౌంట్ వెర్నాన్ నుంచి మరో 17 మంది వెళ్లిపోయారు. ఆ ఏడాది అక్టోబరు 19న యార్క్‌టౌన్ వద్ద వాషింగ్టన్‌కు లొంగిపోయిన సైన్యాధిపతి లార్డ్ కారన్‌వాలీసు. మన చరిత్ర పుస్తకాల్లోని శాశ్వత శిస్తు కారన్‌వాలీసు ఈయనే. అక్కడ ఓడి 1786లో గవర్నరు జనరలుగా ఇక్కడికి వచ్చారు. ఆయన బెంగాల్లో పెట్టిన పద్ధతి 1802 నుంచి మన ఉత్తర సర్కారులకూ వచ్చింది.

యుద్ధం తరువాత వాషింగ్టన్ మనసులో మార్పు వచ్చిందనడానికి ఆధారాలున్నాయి. బానిసత్వం చట్టం ద్వారా క్రమంగా పోవాలని 1786లో స్నేహితునికి ఉత్తరం రాశారు. కాని బహిరంగంగా ఒక్క మాట చెప్పలేదు. పైగా 1793లో, పారిపోయిన బానిసలను ఏ రాష్ట్రంలో ఉన్నా పట్టి తేవచ్చనే చట్టం మీద అధ్యక్షునిగా సంతకం చేశారు. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో చేసిన పని ఇంకా చిత్రం. పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ప్రకారం, బయటి యజమాని తెచ్చిన బానిస ఆరు నెలలు అక్కడ నివసిస్తే స్వేచ్ఛ పొందవచ్చు. ఆ గడువు నిండకుండా ఇంటి పనివారిని ఏదో నెపంతో రాష్ట్రం దాటించి మళ్లీ తెస్తుండేవారు. ఇది వారికీ, ప్రజలకూ తెలియకుండా జరగాలని 1791లో కార్యదర్శికి రాశారు. సర్వీసు బ్రేకు చూపించి పర్మనెంటు కాకుండా ఆపడం అనే విద్య ఎంత పాతదో చూడండి!

పనివారికి తెలియకపోవడమన్నది జరిగే పనేనా? మార్తమ్మ సొంత పనిపిల్ల ఓనా జడ్జ్. సూదిపనిలో దిట్ట. తల్లి బెట్టీ వితంతు వాటా మనిషి, తండ్రి ఇంగ్లండు నుంచి వచ్చిన తెల్ల దర్జీ. తనను మార్తమ్మ మనవరాలికి పెళ్లి కానుకగా ఇవ్వబోతున్నారని ఆమెకు తెలిసింది. 1796 మే 21న, ఇంట్లోవారు మౌంట్ వెర్నాన్ ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్నారు. తన బట్టలు కూడా సర్దుకుని, వారు భోజనానికి కూర్చున్న వేళ ఆమె ఇల్లు దాటింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మౌత్ చేరింది. తనను తీసుకెళ్లిన కెప్టెను పేరు, అతను చనిపోయేవరకు ఎవరికీ చెప్పలేదు. పట్టి ఇస్తే 10 డాలర్లని పత్రికలో ప్రకటన పడింది. పోర్ట్స్‌మౌత్ వీధిలో తెలిసినవారొకరు గుర్తుపట్టగా, వాషింగ్టన్ ఆర్థికమంత్రి ద్వారా అక్కడి సుంకం అధికారికి రాయించారు. ఆ అధికారి ఆమెతో మాట్లాడాడు. అయ్యగారు, అమ్మగారు పోయాక విముక్తి ఇస్తామంటే తిరిగి వస్తానని ఆమె చెప్పి పంపింది. అలా షరతులు ఒప్పుకుంటే నమ్మకంగా ఉన్న తక్కిన వారికి అన్యాయమవుతుందని ఆయన తిరస్కరించారు. 1799లో మరొకసారి మేనల్లుణ్ణి పంపి ప్రయత్నించినా, ముందే కబురందడంతో ఆమె చిక్కలేదు. పెళ్లిచేసుకుంది, చదువు నేర్చుకుంది, భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకుని కడు పేదరికంలో 1848 వరకు బతికింది. ముసలితనంలో, ఆ ఇల్లు వదిలినందుకు విచారిస్తున్నావా అని పత్రికవారు అడిగితే లేదని చెప్పింది. అయితే కానుకగా ఎవరో ఒకరు వెళ్లాలి కదా. ఆ మనవరాలికి ఓనా చెల్లెలు డెల్ఫీని ఇచ్చారు.

వంటవాడు హెర్క్యులిస్ కథా అలాంటిదే. వంటలో రాజధాని అంతటికీ పేరెన్నికగన్నవాడు. వంటింటి మిగుళ్లు అమ్ముకుని, మంచి బట్టలు, చేతికర్రతో సాయంత్రం వీధిలో షికారు వెళ్లేవాడు. పారిపోతాడేమోనన్న అనుమానంతో 1796 చివర్లో అతన్ని మౌంట్ వెర్నాన్‌లో కూలీలతో మట్టి పనిలో పెట్టారు. 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా అయ్యగారి 65వ పుట్టినరోజున, మాయమయ్యాడు. ఆరేళ్ల కూతురిని ఒక అతిథి నౌకరు, నాన్న ఇక కనబడడు కదా, బాధగా ఉందా అని అడిగాడు. నాన్నకు ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది కాబట్టి సంతోషంగా ఉందని ఆ పిల్ల చెప్పింది.

1799 జూలై 9న వాషింగ్టన్ తన చేత్తోనే 29 పేజీల వీలునామా రాశారు. అంతకుముందు బానిసలందరి జాబితా తయారుచేశారు. మొత్తం 317 మంది. అందులో ఆయన సొంతం 123. వితంతు వాటా 153, అంటే 84 మంది నలభై ఏళ్లలో అలా పెరిగారు. మిగిలినవారు అద్దెకు తెచ్చినవారు. తనవారిని భార్య మరణానంతరం విడుదల చేయాలని, వృద్ధులకూ అశక్తులకూ జీవితాంతం తిండి బట్ట ఎస్టేటే ఇవ్వాలని, దిక్కులేని పిల్లలకు చదువు, చేతిపని నేర్పించాలని రాశారు. దేశ స్థాపకుల్లో ఇంతపని చేసిన బానిస యజమానులు అరుదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ రెండు జాబితాలవారూ ఈపాటికి ఒకరినొకరు పెళ్లాడి ఉన్నారు. ఆలుమగల్లో ఒకరికి విడుదల, ఒకరికి లేదు. తండ్రికి స్వేచ్ఛ వచ్చినా, తల్లి వితంతు వాటా అయితే బిడ్డలకు లేదు. హెర్క్యులిస్ పిల్లల గతి అదే అయింది.

1799 డిసెంబరు 14న ఆయన గొంతు వ్యాధితో మరణించారు. క్రిస్టఫర్ షీల్స్ అనే యువకుడు ఆ రోజంతా మంచం దగ్గర నిలబడే ఉన్నాడు. ఊపిరి ఆడని స్థితిలో కూడా అది గమనించి, కూర్చోమని అయ్యగారు సైగ చేశారు. ఆ క్రిస్టఫరే మూడు నెలల ముందు భార్యతో పారిపోవడానికి ఏర్పాట్లు చేసుకుని, చీటీ దొరికిపోవడంతో ఆగిపోయినవాడు. అతను వితంతు వాటా. వీలునామాలో అతనికి ఏమీ లేదు.

తన మరణంతో వందమందికి పైగా స్వేచ్ఛ ముడిపడి ఉన్న ఇంట్లో మార్తమ్మకు నిద్ర ఎలా పడుతుంది? ఆమె భయపడుతోందని చూడవచ్చిన స్నేహితురాలు రాసింది. 1801 జనవరి 1న, గడువుకు ముందే, ఆమె భర్త బానిసలను విడిచిపెట్టింది. 1802లో ఆమె పోయాక వితంతు వాటావారిని నలుగురు మనవలు పంచుకున్నారు. కుటుంబాలు నాలుగు దిక్కులయ్యాయి. వృద్ధులకు ఎస్టేటు చెల్లింపులు 1830ల తొలినాళ్ల వరకు సాగాయి.

వీలునామాలో వెంటనే విడుదల పొందినవాడు విలియం లీ ఒక్కడే. సర్వే పనిలో ఒక మోకాలు, తరువాత ఇంకొకటి విరిగి కుంటివాడై, పెరటి గదిలో చెప్పులు కుట్టే పనికి చేరాడు. యుద్ధకాలపు సేవకు గుర్తుగా జీవితాంతం ఏడాదికి 30 డాలర్లు అతనికి రాశారు. అతను మౌంట్ వెర్నాన్‌లోనే ఉండిపోయాడు. పాత సైనికులు వచ్చినప్పుడు అతన్ని చూసి వెళ్లేవారు. 1804లో చిత్రకారుడు చార్లెస్ పీల్ వెళ్లేసరికి చెప్పులు కుడుతూ కనబడ్డాడు. ఇద్దరూ కూర్చుని, ఈ వయసులో ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలా అని మాట్లాడుకున్నారు.